మా అమ్మ బీడీలు చుడుతుందని క్లాసులో చెప్పాలా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివాను. ఇంటర్ గురుకులంలో. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ సివిల్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటున్నాను. కాలేజీలో చేరి ఇంకా నెల కాలేదు.

మా బాపు సౌదీకి పోయి చాలా ఏళ్లయింది. అక్కడ బిల్డింగుల పనిలో రాడ్ బెండింగ్ చేస్తాడు. రెండు మూడేళ్లకోసారి ఇంటికి వస్తాడు. అమ్మ బీడీలు చుడుతుంది. వీసాకు చేసిన అప్పు, దాని మిత్తి, అక్క పెళ్లి, నా చదువు అన్నీ ఈ రెండు కష్టాల మీదే నడిచాయి.

మా ఇంగ్లిష్ మేడమ్ ‘నా నేపథ్యం, నా ఆశలు’ అని రెండు పేజీలు రాసి, వచ్చే వారం క్లాసు ముందు ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకంటే మొదటి రోజు పరిచయాల్లో అందరూ మా నాన్న బ్యాంకు, మా నాన్న సాఫ్ట్‌వేర్, మా అమ్మ టీచర్ అని చెప్తుంటే, నా వంతు వచ్చేసరికి “మా డాడీ సౌదీలో కంపెనీ మేనేజర్, మమ్మీ హౌస్‌వైఫ్” అనేశాను. ఇప్పుడు రూమ్మేట్లు ఏ కంపెనీ అని అడుగుతున్నారు. బాపు వీడియో కాల్ చేస్తే వెనకాల ఆ గది, ఒకదాని మీద ఒకటి మంచాలు కనిపిస్తాయని మెట్ల మీదకు పోయి మాట్లాడుతున్నా. తొందరగా పెట్టేస్తున్నా. తర్వాత ఏడుపొస్తుంది.

ఇంకొకటి. ఒకమ్మాయి నా ర్యాంకు ఎంత అని అడిగింది. చెప్పగానే “ఓ, నీది ఆ సీటా” అంది. అందరూ విన్నారు.

ఆశల గురించి కూడా ఏం రాయాలో తెలియడం లేదు. అందరూ ప్యాకేజీలు, అమెరికా అంటున్నారు. నా ర్యాంకుకు ఈ కాలేజీలో సివిల్ వచ్చింది కాబట్టి చేరాను. నాకు ఉద్యోగం వస్తే బాపు ఇంటికి వచ్చేస్తాడు, అమ్మ బీడీలు మానేస్తుంది. నా మనసులో ఉన్నది ఇదొక్కటే. దీన్ని ఆశ అని రాయొచ్చా? ఇంగ్లిష్‌లో నిలబడి మాట్లాడాలంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

- పేరు వేయొద్దు

సమాధానం:

అమ్మా,

చెప్పి తీరాలని ఏమీ లేదు. మీ అమ్మ ఏం పని చేస్తుందో, మీ బాపు ఎలాంటి గదిలో ఉంటాడో క్లాసంతటి ముందూ చెప్పమని అడిగే హక్కు ఏ టీచరుకూ లేదు. మార్కులు వేసేది నీ వాక్యాలకు, నువ్వు నిలబడి మాట్లాడే ప్రయత్నానికి. మీ ఇంటి సంపాదనకు కాదు. నువ్వు మీ ఊరి గురించి, హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారు గురించి, గురుకులంలో గడిపిన రెండేళ్ల గురించి మాట్లాడి కూర్చున్నా అది పూర్తి జవాబే. నీ గురించి ఎవరికి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. ఈ మాట ముందుగా మనసులో గట్టిగా పెట్టుకుని మిగతాది చదువు.

అయితే చెప్పకుండా ఉండటం వేరు, లేనిది చెప్పడం వేరు. చెప్పకపోతే నీకు ఏ పనీ పడదు. లేనిది చెబితే మాత్రం దాన్ని రోజూ కాపాడుకోవాలి. ఆ మేనేజర్ మాట వల్ల రూమ్మేట్లకు వచ్చిన నష్టం ఏమీ లేదు. నీకే వచ్చింది. బాపు కాల్ చేస్తే మెట్ల మీదకు పోతున్నావు, తొందరగా పెట్టేస్తున్నావు. అంత దూరంలో ఉన్న మనిషి, కూతురు కాలేజీలో చేరిందని సంబరంగా ఫోన్ చేస్తే నాలుగు మాటలతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది. నిన్ను ఏడిపిస్తున్నది కూడా ఇదేనని నీ ఉత్తరమే చెబుతోంది. అందుకే వ్యాసం కంటే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

దీన్ని క్లాసు ముందు నిలబడి సరిచేయొద్దు. అక్కడ అది ఒప్పుకోలు ప్రసంగం అయిపోతుంది, నీకు ఆ అవసరం లేదు. రూమ్మేట్లలో నీతో కలిసి మెస్‌కు వచ్చే అమ్మాయి, నీ మాట కాస్త వినే అమ్మాయి ఒకరుంటారు కదా. బట్టలు ఆరేసేటప్పుడో, టీ తాగేటప్పుడో ఆమెతో మామూలుగా అను: “మొదటి రోజు కంగారులో మేనేజర్ అనేశాను గానీ, మా డాడీ అక్కడ కన్‌స్ట్రక్షన్‌లో రాడ్ బెండింగ్ చేస్తారు. అమ్మ బీడీలు చుడుతుంది.” అంతే. పెద్ద సంజాయిషీ వద్దు, పదిసార్లు సారీ వద్దు. అప్పుడెందుకలా చెప్పావని అడిగితే “అందరివీ వింటుంటే భయమేసింది” అను. అది నిజం కూడా.

నేను చాలా ఏళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను. మొదటి రోజు పరిచయాల్లో విన్న మాటలు, తర్వాత ఆ పిల్లలే స్టాఫ్ రూముకు వచ్చి చెప్పిన సంగతులు రెండూ నాకు తెలుసు. ‘బిజినెస్’ అన్న నాన్నకు రోడ్డు పక్కన టిఫిన్ బండి. ‘అగ్రికల్చర్’ అన్న నాన్నకు సెంటు భూమి లేదు, కౌలు చేస్తాడు. ‘మా నాన్న ఊళ్లో ఉంటారు’ అన్న అమ్మాయి వాళ్ల నాన్న ఇల్లు వదిలి పోయి ఎన్నో ఏళ్లు. బ్యాంకు ఆఫీసరు కొడుకు ఇంట్లో తాగుడు గొడవలతో నలిగిపోయి వచ్చి ఉంటాడు. నువ్వు విన్న ఆ గొప్ప పరిచయాల్లో ఎన్ని సగం సగం మాటలో నీకు ఈ ఏడాది చివరికి తెలుస్తుంది. నువ్వు ముందుగా నిజం చెబితే నీ రూమ్మేటు కూడా తనది ఒకటి చెప్పొచ్చు. హాస్టల్లో నిలబడే స్నేహాలు చాలావరకు అలాగే మొదలవుతాయి.

ఒకవేళ ఎవరైనా నవ్వితే? నవ్వొచ్చు. ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు నీ నాలుగేళ్లలో ఎంత చోటివ్వాలో నువ్వే చూసుకుంటావు.

మీ మేడమ్ ఈ పని ఎందుకిచ్చారో కూడా తెలుసుకో. ఇంజినీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరిన పిల్లలకు పాఠాల కంటే ముందు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టాలని, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ చెప్పింది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు తెలుగు మీడియం, ఎవరికి ఇంగ్లిష్‌లో నోరు తెరవాలంటే భయం, ఎవరికి మొదట్లో కాస్త ఆసరా కావాలి అనేది టీచర్లకు తెలియడం అందులో ఒక ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. నేనూ ఇలాంటి వ్యాసాలు రాయించాను. కానీ రాసింది టీచరుకు ఇవ్వడం వేరుగా, క్లాసు ముందు మాట్లాడటం వేరుగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఒకరి ముఖం ఒకరికి ఇంకా సరిగా గుర్తులేని మొదటి నెలలో ఇంటి సంగతులు అందరి ముందూ చెప్పించడం పిల్లలకు మేలు చేయదు. సోమవారం క్లాసుకు ముందే మేడమ్ దగ్గరకు వెళ్లి అడుగు: “మేడమ్, రాసింది మీరొక్కరే చదవండి. మాట్లాడేటప్పుడు మా ఊరి గురించి మాట్లాడతాను.” తెలుగులోనే అడుగు, పర్వాలేదు. నాకు తెలిసిన ఇంగ్లిష్ టీచర్లలో దీనికి కాదనేవాళ్లు చాలా తక్కువ.

ఇక ఆ రెండు పేజీలు. ఫస్టియర్ వ్యాసాల కట్ట ముందు పెట్టుకుంటే మొదటి పది చదివేసరికి టీచరుకు కళ్లు మూతలు పడతాయి. ‘నేను మధ్యతరగతి కుటుంబంలో పుట్టాను. మా తల్లిదండ్రులు ఎంతో కష్టపడి నన్ను చదివించారు. మా నాన్నే నా హీరో. మంచి ప్యాకేజీతో ఎంఎన్‌సీలో స్థిరపడటం నా లక్ష్యం.’ పేరు చెరిపేస్తే ఎవరు రాశారో తెలియదు. ఇప్పుడు చాలామంది చాట్‌జీపీటీతో రాయించి తెస్తున్నారు, వాటిలో ఇంగ్లిష్ ఇంకా నున్నగా ఉంటుంది, మనిషి మాత్రం అసలే కనిపించడు. నాకు ఇప్పటికీ గుర్తున్న వ్యాసం ఒక అబ్బాయిది. తన ఊరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఆర్టీసీ బస్సు గురించి మాత్రమే రాశాడు. ఆ బస్సు రాని రోజు ఏమవుతుందో చెప్పాడు. గ్రామర్ తప్పులు బోలెడు. కానీ ఆ పిల్లవాడు రోజూ ఎలా చదువుకుని వచ్చాడో నాకు పూర్తిగా అర్థమైంది.

నువ్వూ ‘పేద కుటుంబం’ అని రాయకు. ఆ రెండు మాటలు రాస్తే మేడమ్‌కు నీ మీద జాలి కలుగుతుంది తప్ప నీ గురించి ఒక్క ముక్క తెలియదు. నీకు తెలిసింది రాయి. ఆ క్లాసులో ఎవరికీ తెలియనివి నీకు చాలా తెలుసు. తునికాకు నీళ్లలో తడపడం, రేకు పెట్టి కత్తెరతో కొలతకు కోయడం, తంబాకు సరిపడా వేసి చుట్టడం, మూతి ముడవడం, దారం కట్టడం, కట్టలు కట్టడం నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కడతారని, కార్ఖానాలో బాగాలేవని పక్కకు తీసేసిన వాటికి కూలి రాదని నీకు తెలుసు. చాట ముందు గంటల తరబడి వంగి కూర్చుంటే మెడ ఎలా పట్టేస్తుందో, తంబాకు ఘాటుకు దగ్గు ఎలా వస్తుందో ఇంట్లోనే చూశావు.

ఈ ఆదివారం అమ్మకు ఫోన్ చేసి అడుగు. ఎన్నో ఏట నేర్చుకుంది? ఎవరు నేర్పారు? మొదటి కూలి ఎంత, దాంతో ఏం కొన్నది? నెలలో పని లేని రోజులు ఎన్ని, అప్పుడు ఇల్లు ఎలా నడుస్తుంది? ఇవి నువ్వు ఎప్పుడూ అడిగి ఉండవు. చాలామంది పిల్లలు అడగరు, ఎదురుగా కనిపించేదే కదా అనుకుంటారు. అమ్మ చెప్పేది కాగితం మీద రాసుకో. వ్యాసంలో ఒక్క ముక్క వాడకపోయినా రాసుకో.

మమ్మీ హౌస్‌వైఫ్ అన్నావు. బీడీలు ఇంట్లోనే కూర్చుని చుడతారు కాబట్టి అది పెద్ద అబద్ధమేమీ కాదని అనుకోవచ్చు. కానీ మీ అమ్మ చట్టం గుర్తించిన కార్మికురాలు. బీడీ, చుట్ట కార్మికుల కోసం 1966లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్లు కూడా దాని కిందికి వచ్చారు. 1976లో వాళ్ల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎంతోమంది బీడీ కార్మికులకు పీఎఫ్ నంబర్ ఉంది. తెలంగాణలో 2019 నుంచి బీడీ కార్మికుల పింఛను నెలకు 2,016 రూపాయలు చేశారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్లలో మగవాళ్లు గల్ఫ్‌కు పోతే ఇళ్లు నిలబెట్టింది ఈ ఆడవాళ్ల చేతులే. అక్కడి నుంచి వచ్చిన ఇంజినీర్లు, డాక్టర్లు, టీచర్లలో ఎందరి ఫీజులో బీడీల డబ్బు ఉందో వాళ్లకు తెలుసు. ఆ పని మంచిదని నేను అనడం లేదు. ఊపిరితిత్తులకు చెడ్డది, కూలి తక్కువ, ఆ పని నుంచి అమ్మను బయటికి తేవాలన్న నీ కోరిక న్యాయమైనది. ఆ పని చేస్తున్న మనిషిని దాచాల్సిన అవసరం మాత్రం లేదు.

బాపు సంగతికొస్తే, నీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది అక్కడే. ఆయన రాడ్ బెండింగ్ చేస్తాడు, నువ్వు సివిల్ ఇంజినీరింగ్‌లో చేరావు. ఈ రెండూ ఒకే పని అని నీకు ఇంకా తట్టినట్టు లేదు! ముందు ముందు కాంక్రీటు డిజైన్ పాఠం వస్తుంది. ఐఎస్ 456 అనే కోడ్ పుస్తకం చేతికిస్తారు. ఇనుము మీద కాంక్రీటు ఎంత మందం (కవర్) వదలాలి, రాడ్డు మీద రాడ్డును ఎంత పొడవున కలిపి కట్టాలి (ల్యాప్), రింగులు ఎంత దూరంలో కట్టాలి, మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం ఏడు రోజులు ఎందుకు తడిగా ఉంచాలి అన్నీ అందులో ఉంటాయి. నీ క్లాసులో చాలామంది వాటిని బట్టీ పడతారు. మీ బాపు వాటిని చేత్తో చేస్తున్నాడు. కవర్ బ్లాకులు పెట్టకుండా స్లాబ్ పోస్తే ఏమవుతుందో, డ్రాయింగులో ఒకటి ఉండి సైటులో ఇంకొకటి ఎందుకు జరుగుతుందో ఆయన్ని అడుగు. సౌదీలో శుక్రవారం సెలవు కదా, ఆ రోజు తీరిగ్గా మాట్లాడు. మెట్ల మీద కాదు, గదిలో కూర్చుని. కూతురు తన పని గురించి నోట్సు రాసుకుంటోందని తెలిస్తే ఆయన ఎంత ఉత్సాహంగా చెబుతాడో చూడు.

నీ కోసం ఒక ముక్క రాసి చూపిస్తాను. కొన్ని వివరాలు నేను ఊహించి పెట్టాను, వాటిని తీసేసి నీవి పెట్టుకో.

“మా బాపు సౌదీలో కట్టే బిల్డింగులకు ఇనుప రాడ్లు వంచి కడతాడు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది. ఆ టైములో మాకు ఫోన్ చేస్తాడు. మా అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. ఫోన్ పక్కన స్పీకర్‌లో పెట్టి, చేతులు ఆపకుండానే మాట్లాడుతుంది. సెలవుల్లో నేను ఇంటికి వెళ్తే దారం కట్టేదాన్ని. సివిల్‌లో చేరానని చెబితే బాపు మొదట అడిగింది, డ్రాయింగ్ చదవడం నేర్పుతారా అని.”

ఇందులో కష్టం అన్న మాట లేదు. జాలి పడమని అడగడం లేదు. అయినా చదివినవాళ్లకు మీ ఇల్లు కనిపిస్తుంది. ముందు తెలుగులో ఇలా రాసుకో. తర్వాత ఒక్కో వాక్యాన్ని ఇంగ్లిష్ చెయ్యి. ‘మై ఫాదర్ బెండ్స్ స్టీల్ రాడ్స్ ఇన్ సౌదీ అరేబియా.’ ‘మై మదర్ రోల్స్ బీడీస్ ఎట్ హోమ్.’ ఇంతకంటే కష్టమైన ఇంగ్లిష్ ఈ వ్యాసానికి అక్కర్లేదు. బాపు అన్న మాటను బాపు అనే ఉంచొచ్చు.

ఐదు నిమిషాలు మాట్లాడటానికి ఒక పేజీన్నర చాలు. నెమ్మదిగా మాట్లాడితే అంతే పడుతుంది. బట్టీ పట్టకు, మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. చిన్న కాగితం మీద ఐదారు మాటలు రాసుకుని వాటిని చూస్తూ మాట్లాడు. ముందు రోజు రూములో ఒకరికి రెండుసార్లు చెప్పు. మధ్యలో తెలుగు మాట దొర్లితే దొర్లనీ. హైదరాబాద్‌లోనే, 1918లో మొదలైన ఉస్మానియాలో కొన్ని దశాబ్దాలు ఇంజినీరింగ్, వైద్యం కూడా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లిష్‌కు మారింది 1948 తర్వాత. తెలుగు మీడియంలో చదివిన నీకు ఇంగ్లిష్ నేర్చుకోవడం ఒక పని, అంతే. ఏడాది, ఏడాదిన్నరలో అయ్యే పని. నీ తెలివికి దాంతో సంబంధం లేదు.

ఆ ర్యాంకు మాట. అమ్మా, కాలేజీల్లో ‘నీ ర్యాంకెంత’ అని అడిగేవాళ్లలో కొందరికి కావాల్సింది ర్యాంకు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కులం ఏమిటని నోటితో అడగలేక అలా అడుగుతారు. నీ సీటు చట్ట ప్రకారం వచ్చింది, నువ్వు పరీక్ష రాసి తెచ్చుకున్నావు. దానికి ఎవరికీ వివరణ ఇవ్వక్కర్లేదు. మళ్లీ అడిగితే “కౌన్సెలింగ్ అయిపోయింది కదా, ఇప్పుడెందుకు?” అని వదిలెయ్. అక్కడితో ఆగకుండా ఆ అమ్మాయి గానీ ఇంకెవరైనా గానీ పదే పదే ఎత్తిపొడిస్తే మాత్రం వదలకు. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. 2016లో వాటిని సవరించి కులం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, ఆర్థిక నేపథ్యం పేరుతో అవమానించడం కూడా ర్యాగింగేనని స్పష్టంగా చేర్చారు. సీనియర్లే చేయాలని లేదు. తేదీ, అన్న మాట, విన్నవాళ్లు ఎవరో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. వార్డెన్‌కు గానీ కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి గానీ చెప్పు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. రాత్రిళ్లు ఏడుపు ఆగకపోతే, చదువు మీద మనసు నిలవకపోతే 14416కు ఫోన్ చెయ్. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు ఆశ. ఉద్యోగం వస్తే బాపు ఇంటికి వస్తాడు, అమ్మ బీడీలు మానేస్తుంది. ఇది ఆశ అని రాయొచ్చా అని అడిగావు. తప్పకుండా రాయి. ఆ క్లాసులో వినిపించే ప్యాకేజీలు, అమెరికాల కంటే ఇది ఏ విధంగానూ చిన్నది కాదు. అది ఇంటివాళ్ల ఆశ కదా, నాదేముంది అనుకుంటున్నట్టున్నావు. నీ మనసులో ఉంటే అది నీదే.

కానీ ఒక విషయం నిన్ను ఆలోచించమంటాను. ఆ ఆశ నాలుగేళ్ల తర్వాతది. అది బరువైనది కూడా. రేపు ఎం-1లో (మ్యాథ్స్ మొదటి పేపర్) ఒక చాప్టర్ అర్థం కాకపోతే ‘అయ్యో, బాపు ఇంటికి రాలేడు’ అని నీ మనసు అక్కడికి దూకుతుంది. సెమిస్టర్ మధ్యలో వచ్చే మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తగ్గితే ఇల్లంతా కూలినట్టు అనిపిస్తుంది. ఇంటి భారం మోస్తూ వచ్చిన తెలివైన పిల్లలు ఫస్టియర్లో డీలా పడటం నేను చూశాను. వాళ్లకు చదువు రాక కాదు, ప్రతి చిన్న తప్పునూ ఇంటి కష్టంతో కలిపి చూసుకున్నందువల్ల. అందుకే ఆ పెద్ద ఆశ పక్కన ఈ ఏడాదికి సరిపడే చిన్న ఆశలు కొన్ని పెట్టుకో. వాటికి నువ్వు ఒక్కదానివే జవాబుదారీ. ఫస్ట్ సెమిస్టర్లో బ్యాక్‌లాగ్ లేకుండా బయటపడటం. మ్యాథ్స్‌లో అర్థం కాని చోట ఆ వారమే సార్‌ను అడగడం. ఇంజినీరింగ్ డ్రాయింగ్ బాగా నేర్చుకోవడం, అది సివిల్‌కు ప్రాణం. డిసెంబర్ లోపల క్లాసులో ఒక్కసారైనా ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగడం. వ్యాసంలో ఇవి రాస్తే మీ మేడమ్‌కు నువ్వేం చేయబోతున్నావో తెలుస్తుంది.

సివిల్ ‘వచ్చింది కాబట్టి’ చేరానన్నావు. చాలామంది అలాగే చేరతారు. ఇష్టం తర్వాత పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు, ఏడాది చూడు. మీ జిల్లా మీదుగా పోయే కాకతీయ కాలువ శ్రీరాంసాగర్ నుంచి వస్తుంది. పోచంపాడు దగ్గర ఆ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. చిన్నప్పటి నుంచి ఆ కాలువ నీళ్లు, తూములు చూసి ఉంటావు. వాటిని కట్టిన శాస్త్రమే నీ సబ్జెక్టు. ఆడపిల్లకు సివిల్ ఎందుకని ఎవరైనా అంటే జమ్మూ కశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన సంగతి చెప్పు. నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన ఆ వంతెనకు ఏళ్ల తరబడి భూసాంకేతిక (నేల, రాళ్ల బలం చూసే) సలహాదారుగా పనిచేసిన ప్రొఫెసర్ జి. మాధవీలత మన తెలుగావిడే. కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్ చదివి, వరంగల్‌లో ఎంటెక్ చేశారు. నువ్వు ఆవిడంత కావాలని చెప్పడం లేదు. ఆ దారిలో ఆడవాళ్లు నడిచారని మాత్రం తెలుసుకో. ప్రభుత్వంలో ఇరిగేషన్, ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ శాఖల్లో ఏఈ, ఏఈఈ (అసిస్టెంట్ ఇంజినీరు స్థాయి) ఉద్యోగాలకు ఎక్కువగా సివిల్ వాళ్లే కావాలి. ఆ నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినప్పుడు పోటీ ఎక్కువ. అవి మూడో ఏడాది మాట. ఇప్పుడే వాటి కోచింగ్ పుస్తకాలు కొనకు.

చివరగా ఒక పని, ఇది వ్యాసం కంటే తొందర. కాలేజీ ఆఫీసులో, స్కాలర్‌షిప్ ఫారాల్లో తల్లి వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాసి ఉంటే ఒకసారి చూసుకో. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సహాయం ఉంది, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. దానికి అమ్మ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు దీన్ని కూడా తీసుకునే వీలుందో లేదో దరఖాస్తుకు ముందే స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడుగు, తర్వాత ఇబ్బంది పడకూడదు. అమ్మ దగ్గర కార్డు ఉందో లేదో ఈ ఆదివారం ఫోన్లోనే కనుక్కో. ఉంటే రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమను. లేకపోతే మీ ఊళ్లో ఆమెతో పాటు చుట్టేవాళ్లలో ఎవరికో ఉంటుంది, వాళ్లు ఎక్కడ, ఎలా చేయించుకున్నారో అమ్మ అడిగి తెలుసుకుంటుంది. పోర్టల్ గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.